మనకంటే ముందు విప్పినవాళ్లు

అందరికీ నమస్కారం.

నన్ను సభకు పరిచయం చేస్తూ 'పాత మోటారు సైకిళ్ల నిపుణుడు' అన్నారు. ఆ మాటను ముందే సరిదిద్దుకోవాలి. నాకున్నది నైపుణ్యం కాదు, ఒక పాత బండి. 1950లలో తయారైన బ్రిటిష్ సింగిల్ సిలిండర్. కంపెనీ పేరు చెప్పను. చెబితే దాని అభిమాని ఒకరు లేచి 'మా బండ్లకు అలాంటి రోగాలు రావు' అంటారు. ఆ తర్వాత సాయంత్రమంతా మేమిద్దరమే మాట్లాడుకోవాలి. పదిహేడేళ్లుగా అది నా దగ్గర ఉంది. అందులో రోడ్డు మీద తిరిగిందెంత, స్టాండు మీద నిలబడిందెంత అని మాత్రం అడగకండి.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. పాత బండితో మన పోట్లాట యంత్రంతో కాదు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున అది బాగానే ఉండి ఉంటుంది. ఆ రోజుకీ ఈ రోజుకీ మధ్య దాన్ని ఎందరో విప్పారు, ఎందరో బిగించారు. మన పోట్లాటంతా వాళ్లతో.

కొన్న కొత్తలో, నూనె ఎక్కడి నుంచి కారుతోందో చూద్దామని ఇంజను పక్కనున్న కవరు విప్పాను. ఆరు స్క్రూలు. ఆరూ ఒక్కలాంటివే ఉండాలి. మొదటిది పొట్టి, రెండోది పొడుగు. మూడోదాన్ని ఎవరో ఉలి పెట్టి కొట్టి తిప్పినట్టున్నారు, తల ఒక పక్కకు విచ్చుకుపోయింది. నాలుగోది ఎంత తిప్పినా బయటికి రాదు, లోపలికీ పోదు, ఊరికే తిరుగుతూ ఉంటుంది. మర చెరిగిపోయిందన్నమాట. ఐదోది వేళ్లతో పట్టుకుంటేనే ఊడి వచ్చింది. చూస్తే అది తల మాత్రమే, వెనక కాడ లేదు. జిగురుతో అంటించారు. ఆరో రంధ్రంలో అగ్గిపుల్ల దిగేసి, దానికి చెక్కపనిలో వాడే స్క్రూ బిగించారు.

అగ్గిపుల్ల మనిషి మీద నాకు కోపం రాలేదు. ఏ అర్ధరాత్రో చేతిలో ఇంకేమీ లేక, తెల్లారేసరికి ఎక్కడికో చేరుకోవాల్సి ఉండి అతను ఆ పని చేసి ఉంటాడు. పైగా ఆ స్క్రూ గట్టిగానే పట్టుకుంది. జిగురు మనిషి సంగతి వేరు. అతను బండి నడపడానికి కాదు, అమ్మడానికి చేశాడు. పాత బండి కొనేవాళ్లకు నేనిచ్చే సలహా ఏదైనా ఉంటే, మెరుగు చూసి మురిసిపోకుండా ముందు స్క్రూల తలలు చూడమనే. అంతకుముందు దాన్ని ఎలాంటివాళ్లు పట్టుకున్నారో అక్కడ తెలిసిపోతుంది.

అయితే తలలు పాడవడానికి ప్రతిసారీ మనిషి మొరటుతనమే కారణం కాదు, చేతిలో ఉన్న పానా కూడా కావచ్చు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లిషు ఇంజనీరు మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. మర కోణం 55 డిగ్రీలు. బ్రిటిష్ పరిశ్రమ వందేళ్లకు పైగా దాన్ని పట్టుకుని నడిచింది. ఆ పద్ధతిలో పానా మీద ఉండే అంకె పానా నోటి వెడల్పు కాదు, బోల్టు కాడ లావు. పావు అంగుళం అని రాసి ఉన్న విట్‌వర్త్ పానా నోరు కొలిస్తే అర అంగుళం కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. ఇది చాలదన్నట్టు, సైకిళ్ల కోసం పుట్టిన మరో మర ఉంది. దాని కోణం 60 డిగ్రీలు, ఎక్కువ సైజుల్లో అంగుళానికి 26 చుట్లు. 1960లు ముగిసేలోగా అమెరికాతో కుదిరిన మరో ప్రమాణం ఈ బండ్లలోకి వచ్చింది. ఆ మార్పు కాలంలో తయారైన బండి దొరికిందా, ఒకే ఇంజనులో మూడు భాషలు మాట్లాడాలి. ఇవేవీ తెలియని మనిషి మెట్రిక్ పానా తీసుకుంటాడు. అది దాదాపుగా పడుతుంది. ఆ 'దాదాపు'లోనే నట్టు మూలలు గుండ్రబడిపోతాయి.

జపాన్ బండ్లవాళ్లు నవ్వనక్కర్లేదు. వాటి ప్లస్సు గుర్తు స్క్రూలు జపాన్ ప్రమాణానికి చేసినవి. చాలావాటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అందులో అడుగుదాకా కూర్చోదు. గట్టిగా తిప్పామా, జారి పైకి లేస్తుంది, గాడి చెక్కుకుపోతుంది. సరైన స్క్రూడ్రైవర్ చేతికి వచ్చాక, అంతవరకు 'జపాన్ స్క్రూలు మెత్తనివి' అని తిట్టుకున్నందుకు నేను సిగ్గుపడ్డాను.

ఇదంతా విన్నాక ఎవరికైనా వచ్చే సందేహం: మరి ఎందుకయ్యా ఈ బాధ? సమంజసమైన ప్రశ్నే. 1969లో హోండా సీబీ 750 వచ్చింది. నాలుగు సిలిండర్లు, బటన్ నొక్కితే స్టార్టు, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు. దాని క్రాంక్‌కేసు, అంటే ఇంజను కింది పెట్టె, రెండు భాగాల అతుకు అడ్డంగా ఉంటుంది. చాలా బ్రిటిష్ బండ్లకు ఆ అతుకు నిలువుగా, నూనె మడుగు మధ్య నుంచే పోతుంది. కింద మరక పడకపోతే ఇంకేం పడుతుంది? ఆ ఏటితోనే కిక్కు కొట్టే కాలం మీద తీర్పు వచ్చేసింది. నేను ఆ తీర్పును కాదనను. రోజూ పనికి వెళ్లిరావడానికి నేను వాడేది కొత్త బండే.

కానీ కొత్త బండి నన్ను ఏ పనికీ పిలవదు. పాతది పిలుస్తుంది. ఎలాగో చెబుతాను.

స్పార్క్‌కు కరెంటు పుట్టించే మ్యాగ్నెటోకు టైమింగ్ పెట్టాలనుకోండి. పిస్టన్ పైకొచ్చేటప్పుడు, పూర్తిగా పైకి చేరకముందే, కచ్చితంగా ఒక చోట స్పార్క్ పడాలి. స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి గీత గీసిన సన్నని కడ్డీ పిస్టన్ మీదికి దించుతాను. బండిని టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతాను. గీత పైకి లేస్తూ ఉంటుంది. మ్యాగ్నెటోలో రెండు పాయింట్లుంటాయి. అవి విడిపోయే క్షణమే స్పార్క్ పడే క్షణం. దాన్ని కంటితో పట్టలేం. అందుకని సిగరెట్లు చుట్టుకునే పల్చని కాగితం ముక్క వాటి మధ్య ఇరికించి, కొసను రెండు వేళ్లతో పట్టుకుంటాను. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు కాగితం బిగుసుకుని ఉంటుంది. చక్రం ఇంకొంచెం. బిగువే. ఇంకొంచెం. ఉన్నట్టుండి కాగితం వేళ్లలోకి జారి వస్తుంది. ఎంత మెత్తగా వస్తుందంటే, ఎవరో అవతలి నుంచి వదిలేసినట్టే ఉంటుంది.

అప్పుడు మ్యాగ్నెటో పళ్లచక్రం నట్టు బిగించాలి. ఆ చక్రం కూర్చునేది కోసుగా చెక్కిన ఇరుసు మీద. నట్టు బిగిసేసరికి చక్రం వెంట్రుకవాసి తిరుగుతుంది. మళ్లీ కాగితం పెట్టి చూస్తే గీత రెండు మిల్లీమీటర్ల అవతల ఉంటుంది. విప్పాలి. మళ్లీ పెట్టాలి. ఈసారి అది ఎటు తిరుగుతుందో ముందే ఊహించి అంత వెనక్కి పెట్టి బిగించాలి. నాకు ఐదుసార్లకు తక్కువ ఎప్పుడూ కాలేదు. నాలుగోసారి దగ్గర నన్ను చూసినవారెవరూ దీన్ని వినోదం అనరు. ఐదోసారి కాగితం గీత దగ్గరే జారినప్పుడు చూసినవారు మరేమీ అడగరు.

ఇంకో సుఖం చెప్పి ముందుకు వెళతాను. అల్యూమినియం కేసులో బిగుసుకున్న బేరింగును సుత్తితో కొట్టి తీయాలని చూసి, కేసు పగలగొట్టుకున్నవాళ్లున్నారు. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. కేసును ఓవెన్‌లో నూరు డిగ్రీలు దాటించి, బయటికి తీసి, బోర్లించి చెక్క మీద ఒకసారి తడితే బేరింగు తనంతట తానే టక్కున కింద పడుతుంది. కొత్తదాన్ని ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి ఉంచితే అంతే సులువుగా లోపలికి జారుతుంది. మూడు రోజులు సుత్తితో కుస్తీ పట్టాక ఈ సంగతి తెలిస్తే మనిషికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తాయి.

ఇక విసుగు. నా బండి పొద్దున్నే రెండో కిక్కుకు అందుకునేది. ఇరవై నిమిషాలు హాయిగా నడిచేది. తర్వాత రెండు తుమ్ములు తుమ్మి ఆగిపోయేది. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. నేను కార్బురేటర్‌ను అనుమానించాను. నాలుగుసార్లు విప్పాను, జెట్‌లు ఊదాను, ఫ్లోట్ మార్చాను. పెట్రోలు ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం మూసుకుందేమో అనుకున్నాను. అదీ జరిగేదే. రంధ్రం పూడితే లోపలికి గాలి పోదు, పెట్రోలు దిగడం ఆగుతుంది. అదీ కాదు. అసలు దోషం మ్యాగ్నెటోలో, ఇంజనుతో పాటు గిరగిర తిరిగే చుట్ట లోపల కూర్చున్న కండెన్సర్‌లో. అది వేడెక్కితే పనిచేయదు, చల్లారితే చేస్తుంది. ఒకే ఒక్కసారి, బండి ఆగిన చోటే, వేడి మీదే, ప్లగ్గు తీసి స్పార్క్ చూసి ఉంటే మొదటి వారమే తెలిసేది. నాకు నాలుగు నెలలు పట్టింది. చెయ్యి అలవాటుగా కార్బురేటర్ మీదికే పోయింది, ఎందుకంటే దాన్ని విప్పడం నాకు వచ్చు. మనకు ఏ పని చేతనైతే తప్పు అక్కడే ఉందనుకోవడం పెద్ద జబ్బు.

నేటి పెట్రోలు సంగతి రెండు ముక్కల్లో. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, ఫైబర్‌గ్లాస్ ట్యాంకులను మెత్తబరుస్తుంది. బండిని నెలల తరబడి ఆపేటట్టయితే కార్బురేటర్ ఖాళీ చేయండి. అంతే.

నూనె గురించి మాత్రం ఇంకాస్త చెప్పాలనిపిస్తోంది. ఒకప్పుడు రేసు బండ్లలో పోసింది మన ఆముదమే. చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో తన నూనెకు కాస్ట్రాల్ అని పేరు పెట్టింది ఆముదం ఇంగ్లిషు పేరు కాస్టర్ నుంచే. ఆముదం తాగిన మొహం అంటాం కానీ, కాలిన ఆముదం వాసన తగలగానే మొహం వికసించిన పెద్దమనుషులను నేను చూశాను. నేను నా ఇంజనులో పోయను. అది నిలవుంటే బంకలా పట్టేస్తుంది. వాసన కోసమైతే ఇంకొకరి బండి వెనక నిలబడితే చాలు.

ఇలాంటి సభల్లో 'అంతా ఒరిజినలే ఉండాలా, కొత్త భాగాలు వేయవచ్చా' అనే వాదం తప్పదు. నా పక్షం చెప్పేస్తాను. బ్రేకులు, టైర్లు, వైర్లు: కొత్తవి వేయండి, సిగ్గుపడకండి. రంగు మాత్రం నిలిచి ఉన్నంతకాలం ముట్టుకోకండి. ట్యాంకు మీద మోకాళ్లు రాసుకుని రంగు పోయిన చోటు నా బండికి ఉంది. ఆ మోకాళ్లు నావి కావు. దాన్ని కప్పడానికి నాకు చేతులు రాలేదు.

పోయినేడాది ఒక సాయంత్రం ఉన్నట్టుండి హెడ్‌లైటు ఆరిపోయింది. ట్యాంకు దించి వైర్లు వెతికాను. ఫ్రేము కింద ఒక చోట రెండు వైర్లను మెలితిప్పి, టంకం పెట్టకుండా, ఊరికే టేపు చుట్టి వదిలేశారు. టేపు వదులై జారింది, రాగి ఫ్రేముకు తగులుతోంది. ఇన్నేళ్లుగా దగ్గర పెట్టుకున్న తిట్లన్నీ బయటికి తీశాను. ఇలాంటివాళ్ల చేతికి పానా ఇవ్వకూడదన్నాను. పక్కనే టార్చి పట్టుకున్న మా అమ్మాయి అంతా విని, 'నాన్నా, ఈ పసుపు టేపు మన సొరుగులో ఉన్నదే కదా' అంది.

ఉంది. సగం చుట్ట ఇంకా ఉంది. అది ఎనిమిదేళ్ల కింద, వాన వస్తుంటే, రేపు సరిగ్గా చేద్దాంలే అనుకుని నేను చుట్టిన టేపు. అగ్గిపుల్ల మనిషిని నేను క్షమించాను కానీ, అతను నన్ను చూస్తే ఏమనుకుంటాడో!

అప్పటి నుంచి సీటు కింద ఒక చిన్న రేకు డబ్బా ఉంచాను. అందులో ఒక నోట్‌బుక్కు, ఒక పెన్సిలు. ఏది విప్పినా, ఏది మార్చినా రాసి పెడుతున్నాను. ఎప్పుడో ఒకరోజు నా చేతుల్లోంచి బండి పోతుంది, ఎవరో విప్పుతారు. ఇందాక పుస్తకం తెచ్చుకున్నాను, మొదటి పేజీ చదువుతాను.

'బ్యాటరీ పాజిటివ్ వైరు ఫ్రేముకు కలిసి ఉంటుంది, ఈ బండికి అదే సరైనది, తిరగేయకండి. ఒకసారి తిరగేసి చూశాను, పొగ వచ్చింది. వెనక ఇరుసు నట్టు అసలుది కాదు, మెట్రిక్, పంతొమ్మిదో నంబరు పానా పడుతుంది. కుడి కవరులో కింది స్క్రూకు ఇప్పటికీ అగ్గిపుల్లే ఉంది. అది నేను పెట్టింది కాదు. పట్టుకుని ఉంది కాబట్టి తీయలేదు. ఆ పైదాని మర చెరిపింది మాత్రం నేనే.'