34వ ఎపిసోడ్: వానలు మొదలయ్యేలోపు బండి

అమ్మాయి: నమస్కారం. ఈసారి కూడా షెడ్డు నుంచే. వెనక వినిపించే దడదడ కంప్రెసర్‌ది, బాబాయిది కాదు. ఈ రోజు విషయం, వానలు మొదలయ్యేలోపు బండిలో చూసుకోవలసినవి. వైపర్లు, టైర్లు, బ్యాటరీ...

బాబాయి: రేడియేటర్.

అమ్మాయి: అది వానాకాలం సంగతి కాదు బాబాయి.

బాబాయి: ఎందుకు కాదు? ఎండాకాలమంతా బోరు నీళ్లు పోసి తోలిన బండ్లు మన దగ్గరకు వచ్చేది ఇప్పుడే. నిన్నటి తెల్ల కారు చూశావుగా. ఆయిల్ మూత తీస్తే లోపల నీళ్లు కలిసిన ఆయిల్, మీగడలా.

అమ్మాయి: మీగడ కనబడగానే హడలిపోకండి. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో తేమ ఆరక, మూత కింద అలాగే పేరుకుంటుంది.

బాబాయి: ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద కూడా ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడబుడమని బుడగలు, సిలిండర్‌లోని వాయువు నీళ్లలోకి దూరుతోందన్నమాట. ఇంకేం కావాలి? ఇంజను పై భాగం, హెడ్, దించాము. దించితే, హెడ్డుకూ కింది బ్లాకుకూ మధ్య సందు మూసే గ్యాస్కెట్‌కు రెండు వైపులా సిలికాన్ గమ్ము, గోడకు సున్నం వేసినట్టు!

అమ్మాయి: అప్పుడు మీరేమన్నారో అదీ చెప్పండి.

బాబాయి: గమ్ము పూయడం తప్పు కాదు, ఆ గమ్ము పూయడం తప్పు అన్నాను.

అమ్మాయి: పూయడమే తప్పు.

బాబాయి: నలభై ఏళ్లుగా పూస్తున్నాను తల్లీ! అంబాసిడర్ హెడ్లు ఎన్ని దించి ఉంటాను? రెండు రాగి రేకుల మధ్య ఆస్బెస్టాస్ పెట్టిన గ్యాస్కెట్. బ్లాకూ పోత ఇనుమే, హెడ్డూ పోత ఇనుమే, వాటి మీద ఏళ్ల నాటి గీతలు. ఆ గీతల్లోంచి నీళ్లు ఊరకుండా షెల్లాక్ అనే లక్క వార్నిష్, కుంచెతో పలుచగా ఒక్క పూత. ఒట్టి రాగి గ్యాస్కెట్ అయితే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేవాళ్లం.

అమ్మాయి: ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. చిన్నప్పుడు మీరది చేస్తుంటే నాకు దీపావళిలా ఉండేది.

బాబాయి: పట్టుకారు నీ చేతికిచ్చినందుకు మీ అమ్మ నాతో వారం మాట్లాడలేదు.

అమ్మాయి: నెల్లూరు మాట మాత్రం ఎత్తకండి.

బాబాయి: నేను ఎత్తలేదు.

అమ్మాయి: సరే. మీ గ్యాస్కెట్‌కు మీ పూత నప్పింది, కాదనను. నిన్నటి కారులోది వేరే జాతి. పలుచని ఉక్కు రేకులు మూడో నాలుగో ఒకదాని మీద ఒకటి. సిలిండర్ చుట్టూ రేకు ఉబ్బెత్తుగా ఉంటుంది, హెడ్ బిగిస్తే అది స్ప్రింగులా ఎదురు నెడుతుంది. పై రేకులకు రబ్బరు పూత ఫ్యాక్టరీలోనే వేసి పంపుతారు. మీరు కుంచెతో చేసే పని వాళ్లు ముందే చేసేశారు.

బాబాయి: ఇంకొక పూత వేస్తే నష్టమేమిటి?

అమ్మాయి: బిగింపు అన్నిచోట్లా ఒకేలా పడదు. అదీగాక సిలికాన్ గమ్ము ఓర్చుకునేది మహా అయితే 250, 300 డిగ్రీలు. సిలిండర్‌లో మండే వాయువు 2000 డిగ్రీలు దాటుతుంది. అక్కడ గమ్ము కాపలా కాస్తుందా? అంచులకు పిండుకుపోయి, తునకలుగా ఊడి, ఆయిల్ జల్లెడకు అడ్డం పడుతుంది. అప్పుడు గ్యాస్కెట్‌తో ఆగదు, బేరింగులూ పోతాయి.

బాబాయి: మరి మాన్యువల్‌లోనే గమ్ము పెట్టమని ఉంటుందే?

అమ్మాయి: కొన్ని ఇంజన్లకు ఉంటుంది. టైమింగ్ కవరూ బ్లాకూ కలిసే మూలలో ఒక్క చుక్క. బోల్టు రంధ్రం నీళ్ల గదిలోకి తెరుచుకునే ఇంజనైతే బోల్టు మరలకు. చెప్పినచోట, చెప్పినంత. మీ తెల్ల కారుకు వేసినట్టు వేయమని ఎక్కడుంది?

బాబాయి: నా తెల్ల కారా? వేసింది నేనా?

అమ్మాయి: ...కాదు. పొరపాటున అన్నాను బాబాయి.

బాబాయి: ఊఁ. హెడ్ మీద స్కేలు ఆనించి చూశాను. మధ్యలో సందు కొలిచే రేకు, 0.15 మిల్లీమీటర్ల ఫీలర్, దూరింది.

అమ్మాయి: చాలా మాన్యువళ్లు 0.05కే వద్దంటాయి. అల్యూమినియం హెడ్, వేడెక్కి వంగింది. లేతు షాపుకు పంపి హెడ్ అడుగు చదునుగా ఫేసింగ్ చేయించవలసింది పోయి, సందులో గమ్ము కూరారు.

బాబాయి: వేడి ఎందుకెక్కింది?

అమ్మాయి: వచ్చారు మళ్లీ.

బాబాయి: బోరు నీళ్లు! ఉప్పు పొరలు కట్టి రేడియేటర్ గొట్టాలన్నీ పూడిపోయాయి. మీ పిన్ని నీళ్లు కాచే గిన్నె అడుగు చూడు, తెలుస్తుంది. కూలెంట్ డబ్బా కొనమంటే మాత్రం ముఖం చిట్లిస్తారు.

అమ్మాయి: గమ్ము వద్దంటే, లీకులు ఆపడానికి రేడియేటర్‌లో పోసే సీసా మందు మంచిదా అని కిందటిసారి ఒకరు అడిగారు.

బాబాయి: అది నేను కూడా ఒప్పుకోను.

అమ్మాయి: హమ్మయ్య! ఆ మందుల్లో కొన్నిటి సరుకు సోడియం సిలికేట్. చీలిక దగ్గర వేడికి నీరు ఇగిరి గాజులా గడ్డకడుతుంది. 2009లో అమెరికా ప్రభుత్వం పాత బండి అప్పగిస్తే కొత్తదానికి రాయితీ ఇచ్చింది కదా, ఆ పాత ఇంజన్లు మళ్లీ రోడ్డెక్కకుండా ఏం పోశారనుకున్నారు? ఆయిల్ తీసేసి దీని ద్రావణమే. కొద్ది నిమిషాల్లో ఇంజను బిగుసుకుపోయేది.

బాబాయి: ఇదే మందు?

అమ్మాయి: మోతాదు వేరు, పోసే దారి వేరు. సరుకు ఇదే. ఎలాగోలా ఇల్లు చేరితే చాలు అనుకునేవారు పోసుకుంటారేమో. నా మొదటి కారు అమ్మినాయన ఇలాంటిదే పోసి అమ్మాడు. సన్న గొట్టాలన్నీ మూసుకుపోయి, సరిగ్గా మూడో వారం...

బాబాయి: నెల్లూరు.

అమ్మాయి: ఎత్తనన్నారు!

బాబాయి: ఎత్తింది నువ్వు. (నవ్వు)

అమ్మాయి: సమయం అయిపోతోంది. వైపర్ రబ్బరు చీలి ఉంటే మార్చండి. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టం ఒప్పదు, వానలో తిరగాలంటే అంతదాకా ఆగకండి. బ్యాటరీ...

బాబాయి: షెల్లాక్ డబ్బా ఇంకా అటక మీద ఉంది.

అమ్మాయి: పారేయమని నేననలేదు బాబాయి.

బాబాయి: ఆగు, ఎవరో వచ్చారు. పొగలు కక్కుతోంది. బాబూ! మూత తీయకు! వేడి మీద మూత తీయకు, చెయ్యి కాలు...

అమ్మాయి: మైకు, బాబాయి, మైకు లాక్కుపోతున్నారు...