గ్యాస్ సబ్సిడీ ఏ ఖాతాలో పడిందో ఇలా చూసుకోండి

నమస్కారం. బండకు పూర్తి ధర కట్టారు, సబ్సిడీ మాత్రం పాస్‌బుక్‌లో కనబడలేదు. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉన్నా, గుంటూరు బ్రాడీపేటలో ఉన్నా ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: చాలాసార్లు ఆ డబ్బు మీరు మరిచిపోయిన ఖాతాలోనే ఉంటుంది.

ఎందుకో చెప్తాం. ఇదివరకు సబ్సిడీ బండ ధరలోనే కలిసి ఉండేది. ఇంటికో ధర, హోటల్‌కో ధర ఉంటే ఇంటి బండ టిఫిన్ సెంటర్‌కు నడిచిపోతుంది, తనిఖీలతో అది ఆగదు. అందుకే 2015 జనవరి 1 నుంచి దేశమంతటా పహల్ అనే పథకం వచ్చింది. గుమ్మం దగ్గర పూర్తి ధర, సబ్సిడీ ఖాతాలో. పద్ధతి మంచిదే. కానీ చేతిలో డబ్బు లేని ఇల్లు ముందుగా అంత ఎక్కడ తెస్తుంది? దానికోసమే పథకంలో చేరినవాళ్లకు తొలి బుకింగ్‌తో 568 రూపాయల అడ్వాన్సు వేశారు. ఇరాన్ కూడా 2010 డిసెంబరులో ఇంధనం ధరలు పెంచేలోపే కుటుంబాల ఖాతాల్లో నగదు వేసింది. ధర ముందు, డబ్బు తర్వాత అంటే పేదిల్లు మళ్లీ కట్టెల పొయ్యి వెలిగిస్తుంది.

ఇప్పుడు ఫోన్ తీయండి. మైఆధార్ సైట్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయ్యి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కండి. సీడింగ్ అంటే ప్రభుత్వ డబ్బు పడేలా ఆధార్‌ను ఒక ఖాతాకు ముడిపెట్టడం. అక్కడ ఏ బ్యాంకు పేరు ఉంటే ఆధార్ ఆధారంగా వచ్చే డబ్బు ఆ బ్యాంకుకే వెళ్తుంది. ఓటీపీ రాకపోతే ఆధార్‌కు మీ నంబరు జత కాలేదన్నమాట, ఆధార్ కేంద్రానికి వెళ్లాలి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆధార్ ఎన్ని బ్యాంకుల్లో ఇచ్చినా, సబ్సిడీ వెళ్లేది ఒక్క ఖాతాకే, చివరిగా సీడింగ్ చేసిన దానికి. ఎప్పుడో తెరిచిన జన్‌ధన్ ఖాతానో, డ్వాక్రా కోసం తెరిచిన ఖాతానో కావచ్చు. ఇంకొకటి, కేవైసీకి ఆధార్ జిరాక్స్ ఇవ్వడం సీడింగ్ కాదు. బ్యాంకులో సీడింగ్ ఫారం అడిగి, సంతకం చేసి, రసీదు తీసుకోండి. నాలుగైదు రోజుల తర్వాత సైట్‌లో మళ్లీ చూడండి, బ్యాంకు పేరు మారి, పక్కన ‘యాక్టివ్’ అని ఉండాలి. ఖాతా వాడకంలో లేక ఆగిపోయి ఉంటే పడాల్సిన డబ్బు వెనక్కి పోతుంది, దాన్ని కూడా అప్పుడే తెరిపించండి.

కనెక్షన్ చనిపోయిన మామగారి పేరు మీదే ఉంటే ఈ తంటాలన్నీ దండగ. ముందు ఏజెన్సీలో పేరు మార్పించి, ఈకేవైసీ చేయించండి.

ఉజ్వల కనెక్షన్ ఉన్నవాళ్లు కేంద్రం బండకు ఇచ్చే 300 రూపాయలను విడిగా వెతకండి. దీపం-2 (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉచిత బండల పథకం) డబ్బు వేరేగా వస్తుంది, దానికి తెల్ల రేషన్ కార్డు కావాలి. ఏప్రిల్–జులై, ఆగస్టు–నవంబరు, డిసెంబరు–మార్చి, ఒక్కో విడతకు ఒక్కో బండ. విడత దాటితే ఆ బండ పోయినట్టే, బుకింగ్ చివరి వారానికి వదలొద్దు.

అన్నీ సరిగా ఉన్నా డబ్బు పడలేదా? 1800-2333-555కి ఫోన్ చేసి, మీ 17 అంకెల ఎల్పీజీ ఐడీ చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.