కరెంటు పొయ్యి మీద తాళింపు మాడకుండా: అమెరికాలో మీ మొదటి పప్పు

[తెర మీద: కాయిల్ పొయ్యి, పక్కన పోపు డబ్బా]

నమస్తే అండి. మాస్టర్స్‌కి అమెరికా వచ్చారు. రూమ్మేట్లతో వంట వంతులు వేసుకున్నారు. రేపు మీ వంతు, ఇంట్లో ఏనాడూ పొయ్యి దగ్గరికి వెళ్లింది లేదు. ఈ వీడియో మీకోసమే. ఇవాళ ఒక్క టమాటా పప్పే చేద్దాం. పది కూరలు అరకొరగా నేర్చుకునే బదులు ఒక పప్పు, ఒక తాళింపు బాగా కుదిరేదాకా చేయండి. తాళింపు చేతికొస్తే పులిహోర, చారు, పెరుగన్నం, పచ్చళ్లు సగం వచ్చేసినట్టే.

ముందు సరుకులు. ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు ‘తూర్ దాల్’ పేరుతో దొరుకుతుంది. ప్యాకెట్ మీద ‘ఆయిలీ’ అని ఉంటే అది నూనె పట్టించిన పప్పు. గోరువెచ్చని నీళ్లతో జిడ్డు పోయేదాకా కడగాలి. అన్నానికి సోనా మసూరి తీసుకోండి. పచ్చిమిర్చి కోసం అంత దూరం వెళ్లక్కర్లేదు, మామూలు గ్రోసరీ స్టోర్‌లో దొరికే సెరానో మిర్చి మన వంటకి బాగానే సరిపోతుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు మాత్రం పచ్చి కరివేపాకు తేకండి. నారింజ, నిమ్మ తోటల్ని నాశనం చేసే తెగులును మోసుకొచ్చే పురుగు ఆ ఆకు మీద కూడా బతుకుతుంది. అందుకే దాన్ని దేశంలోకి రానివ్వరు. ఇక్కడి స్టోర్లలోనే కొనుక్కోండి.

[తెర మీద: కుక్కర్‌లో పప్పు, దాని మీద చిన్న గిన్నెలో టమాటాలు]

ఒక కప్పు కందిపప్పు అరగంట నానబెట్టి, 3 కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు వేసి కుక్కర్‌లో పెట్టండి. టమాటాలు, పచ్చిమిర్చి విడిగా చిన్న గిన్నెలో వేసి అదే కుక్కర్‌లో పైన ఉంచండి. పులుపు తగిలితే పప్పు మెత్తబడటం ఆలస్యమవుతుంది, అందుకని. 4 విజిల్స్ వచ్చాక ఆపి, ఆవిరి దానంతటదే పోనివ్వండి. ఇన్‌స్టంట్ పాట్ అయితే విజిల్ ఉండదు కాబట్టి హై ప్రెషర్‌లో 10 నిమిషాలు పెట్టండి. మెత్తగా ఎనిపి, టమాటాలు, ఉప్పు, కారం, కాస్త చింతపండు పులుసు కలిపి 5 నిమిషాలు ఉడకనివ్వండి.

ఇక అసలు పని, తాళింపు.

గ్యాస్ మీద మంట తగ్గిస్తే వేడి వెంటనే తగ్గుతుంది. కాయిల్ పొయ్యికి ఆ గుణం లేదు. నాబ్ పూర్తిగా ఆపేసినా ఆ చుట్ట చాలాసేపు కాలుతూనే ఉంటుంది. ఈలోగా ఎండుమిర్చి నల్లబడిపోతుంది. కాబట్టి ఇక్కడ వేడి తగ్గించడమంటే గిన్నెను పొయ్యి మీంచి ఎత్తేయడమే. పక్క బర్నర్ చల్లగా, ఖాళీగా ఉంచుకోండి.

గిన్నె కూడా ముఖ్యమే. అడుగు గుండ్రంగా ఉన్న పోపు గరిటె ఈ పొయ్యి మీద నిలవదు. పెద్ద నాన్‌స్టిక్ పాన్‌లో వేస్తే 2 చెంచాల నూనె పల్చగా పాకిపోయి, ఆవాలు నూనెలో వేగకుండా పొడిగా మాడతాయి. అడుగు బల్లపరుపుగా ఉన్న చిన్న గిన్నె కొనుక్కోండి.

[దగ్గరి షాట్: నూనెలో ఒక్క ఆవగింజ]

నూనె కాగిందో లేదో ఒక్క ఆవగింజ వేసి చూడండి. అడుగున కదలకుండా కూర్చుంటే ఆగండి. చుట్టూ సన్నటి బుడగలొచ్చి చిట్లిందా, మిగతా ఆవాలు వేసేయండి. చిటపటలు తగ్గుముఖం పట్టగానే మినప్పప్పు, దంచిన వెల్లుల్లి. తెల్లటి మినప్పప్పు ఇదిగో, ఇలా లేత బంగారు రంగుకి తిరగ్గానే గిన్నె ఎత్తి పక్క బర్నర్ మీద పెట్టేయండి. జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు అన్నీ ఆ నూనె వేడికే వేగిపోతాయి. కరివేపాకు మీద తడి ఉంటే నూనె మొహం మీదికి చిందుతుంది, గుడ్డతో ఒత్తి వేయండి. మిర్చి ముదురు ఎరుపు రంగులో ఉండగానే తాళింపు పప్పులో పోసి మూత పెట్టండి. ఆ వాసన రెండు నిమిషాలు లోపలే ఉండాలి.

స్మోక్ అలారం సంగతి. చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి పైన మైక్రోవేవ్‌కున్న ఫ్యాన్ పొగను బయటికి పంపదు, వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. నూనె పెట్టకముందే కిటికీ తెరవండి. మోత భరించలేక అలారం బ్యాటరీ తీసే పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు, అది రూమ్మేట్లందరి ప్రాణాలతో చెలగాటం. నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. మూత బోర్లించి, పొయ్యి ఆపండి.

మిగిలిన అన్నం రాత్రంతా రైస్ కుక్కర్‌లో వదిలేయకండి. అన్నంలో ఉండే ఒకరకం బాక్టీరియా ఉడికించినా చావదు, అది వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. 2 గంటల్లోపు వెడల్పాటి డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేయండి. పప్పు కూడా అంతే, 3 రోజులు వాడుకోవచ్చు. చల్లారి గట్టిపడితే కాసిని వేడినీళ్లు పోసి మరిగించి, తాళింపు మళ్లీ కొత్తగా పెట్టుకోండి. వచ్చే వీడియోలో ఇదే కందిపప్పు కట్టుతో చారు కాచుదాం.