మడిగెకు అడ్వాన్స్ ఇచ్చే ముందు

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు మాట మడిగె గురించి కాదు, మడిగె కింద ఉన్న జాగ గురించి.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలోనైనా దుకాణం పెట్టాలనుకునేవాళ్లు ముందు గిరాకీ చూస్తారు, తర్వాత కిరాయి అడుగుతారు. అడ్వాన్స్ ఇచ్చి, షట్టర్‌కు రంగేయించి, బోర్డు రాయించి, అప్పుడు ట్రేడ్ లైసెన్స్ కోసం మున్సిపాలిటీ మెట్లెక్కుతారు. వరుస అక్కడే తలకిందులవుతుంది. ట్రేడ్ లైసెన్స్ ఆఖర్న వచ్చే కాగితం. అంతకన్నా ముందు తేలాల్సినవి రెండున్నాయి. ఈ జాగలో ఈ పని చేయనిస్తారా? ఈ కట్టడానికి పర్మిషన్ ఇచ్చింది ఈ పనికేనా?

మొదటి ప్రశ్నకు జవాబు మాస్టర్ ప్లాన్‌లో ఉంటుంది. పట్టణం మొత్తాన్ని జోన్లుగా విడదీసి, దేనికి ఏ భూమి అన్నది రంగులతో చూపించే పటం అది. సాధారణంగా పసుపు రంగు నివాసాలకు, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు, ఎరుపు బడులు, ఆసుపత్రులు, ఆఫీసుల వంటి వాటికి, ఆకుపచ్చ పార్కులకు, సాగుభూమికి. పటం పక్కన సూచిక ఉంటుంది, ముందు దాన్ని చదవాలి. ఒకే రంగులో ముదురు ఒకటి, లేత ఒకటి ఉంటే రెండూ ఒకటే అనుకోవద్దు.

పటంలో మీ ఇంటి నంబరు దొరకదు, సర్వే నంబరే దొరుకుతుంది. కాబట్టి మడిగె యజమాని దగ్గర రిజిస్ట్రేషన్ దస్తావేజు జిరాక్స్ అడిగి, ఆస్తి వివరాలుండే షెడ్యూల్‌లోని సర్వే నంబరు, అందులో మీ ముక్కకిచ్చిన బై నంబరు, నాలుగు హద్దులు రాసుకోండి. చాలామంది తడబడేది బై నంబరు దగ్గరే. ఒక సర్వే నంబరులో పది, పదిహేను ఎకరాలుంటే, రోడ్డు వైపు సగం వ్యాపార జోన్‌లో, వెనక సగం నివాస జోన్‌లో పడి ఉండవచ్చు. అనుమానముంటే టిప్పన్, అంటే సర్వే వాళ్ల కొలతల పటం కూడా తీసుకుపోయి టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో చూపించండి. అదే పటంలో ఇంకొకటి చూసుకోవాలి: ముందున్న రోడ్డు ఇప్పుడు ఎంత వెడల్పుంది, ప్లాన్‌లో ఎంత చూపించారు. ప్లాన్‌లో ఎక్కువుంటే మీ షట్టర్ నిలబడ్డ జాగే రేపటి రోడ్డు కావచ్చు.

చూసినవాళ్లు "ఏం కాదు, పెట్టుకోండి" అంటే అక్కడితో లేచి రావద్దు. ఫలానా సర్వే నంబరు ఫలానా జోన్‌లో ఉందని చెప్పే ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టి, కాగితం చేతికి తీసుకోండి. నోటి మాట చెప్పిన మనిషి బదిలీ అయిపోతే ఆ మాటా పోతుంది.

జోన్ పేరు తెలిసినంత మాత్రాన పని అయిపోదు. ప్రతి జోన్‌కూ నియమాలుంటాయి. ఏవి నేరుగా చేసుకోవచ్చు, ఏవి షరతులతో చేసుకోవచ్చు, ఏవి కూడదు అని. నివాస జోన్ అనగానే దుకాణమే ఉండదని కాదు. కిరాణా కొట్టు, దర్జీ పని, చిన్న క్లినిక్ వంటివి మామూలుగా ఇమిడిపోతాయి. పేచీ వచ్చేది గిర్ని దగ్గర.

కాలనీలో మిర్చి, పసుపు పట్టే గిర్ని పెట్టాలనుకుందాం. గది పది అడుగుల వెడల్పు, పక్కింటితో కలిసిన గోడ. మోటరు తిరిగితే ఆ గోడ అదురుతుంది. ఎండాకాలం మిర్చి పట్టే రోజుల్లో ఘాటు నాలుగిళ్ల దాకా పోతుంది. రెండో నెలలో ఫిర్యాదు వెళ్తుంది. అప్పుడు అధికారి మోటరు మీదున్న రేకును చదువుతాడు: ఎన్ని హెచ్‌పీ, అంటే ఎన్ని గుర్రాల బలం? నియమాల్లో చాలా పనులకు హద్దు పెట్టేది ఆ హెచ్‌పీతోనే, లేకుంటే పనిచేసేవాళ్ల సంఖ్యతో. అందుకే మోటరు కొనకముందే ఆ జోన్‌లో ఎన్ని హెచ్‌పీ దాకా ఒప్పుకుంటారో అడగాలి. కొన్నాక అడిగితే మోటరు పాత ఇనుప సామాను దుకాణానికే పోతుంది.

ఇప్పుడు మన జిల్లాల్లో అందరికంటే ఎక్కువమందిని ముంచే పొరపాటు. ఊరి చివర రోడ్డు పక్కన అరెకరం కొని, "నాలా కన్వర్షన్ చేయించినం కదా, ఇంకేం కావాలె" అంటారు. నాలా అనేది రెవెన్యూ వాళ్ల పని. సాగుభూమిని సాగేతర భూమిగా మార్చి, దానికి కట్టాల్సింది కట్టించుకుంటారు. మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమి రంగు దానితో మారదు. ప్లాన్‌లో అది వ్యవసాయ జోన్ అయితే, నాలా కాగితం చేతిలో ఉన్నా ఫంక్షన్ హాలుకు పర్మిషన్ రాదు. రంగు మారాలంటే చేంజ్ ఆఫ్ ల్యాండ్ యూజ్ కావాలి. ఆ దరఖాస్తు పట్టణ ప్రణాళికా శాఖ పరిశీలన దాటి ప్రభుత్వం దాకా పోతుంది. గెజిట్‌లో ముసాయిదా వేసి, జనం అభ్యంతరాలు చెప్పడానికి గడువిస్తారు. ఆ తర్వాతే తుది ఉత్తర్వు. చార్జీలు కూడా కట్టాలి. నెలలు పట్టే వ్యవహారం. బ్యాంకు అప్పు తీసుకుని మొదలుపెట్టేవాళ్లు ఆ నెలల వడ్డీని కూడా ఖర్చులో కలుపుకోవాలి. ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం సంగతీ ఇంతే. అది ప్లాటును క్రమబద్ధం చేస్తుంది, ఆ ప్లాటులో ఏ పని చేయవచ్చో చెప్పదు.

చెరువుల సీమ మనది, ఏ దిక్కుకు పోయినా ఒక కుంట తగులుతుంది. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత నుంచి, 30 మీటర్ల దాకా కట్టడం కూడదు. అంతకన్నా చిన్న చెరువు, కుంట, చెరువు లోపలి శిఖం భూమి అయితే 9 మీటర్లు. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు, కాలువ అయితే 9 మీటర్లు, అంతలోపుదైతే 2 మీటర్లు. మూడేళ్ల నుంచి నీళ్లు రాలేదు కదా అన్న వాదన ఇక్కడ పనికిరాదు. ఎఫ్‌టీఎల్ లెక్క చెరువు నిండినప్పటిది.

రెండో ప్రశ్న కట్టడానిది. యజమాని దగ్గర పర్మిషన్ కాగితం, మంజూరైన ప్లాన్ అడిగి చూడండి. అందులో నివాసం అని ఉండి, కింద మాత్రం నాలుగు షట్టర్లు కనిపిస్తే ఆగి ఆలోచించాలి. కట్టడాల అనుమతుల కోసం బీపాస్ చట్టం 2020లో వచ్చాక 75 గజాల లోపు ప్లాటులో చిన్న ఇంటికి ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ చాలు, 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. ఈ సులువు దారి ఇళ్లకే. దుకాణానికి, గోదాముకు, హోటలుకు అన్ని అనుమతులూ ఒకేచోట చూసే సింగిల్ విండోలో పోవాలి. దానికి గడువు 21 రోజులు. ఇల్లని రాసిచ్చి మడిగెలు కడితే అది తప్పుడు ధ్రువీకరణ కిందికి వస్తుంది, కట్టింది కూల్చే అధికారం చట్టంలోనే ఉంది. సెల్లార్‌లో గోదాము పెట్టుకోమని ఎవరైనా తక్కువ కిరాయి చెప్తే వద్దనండి. సెల్లార్ బండ్లు నిలుపుకోవడానికే.

గ్రామ పంచాయతీల్లో 300 చదరపు మీటర్ల లోపు జాగ, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే అనుమతి పంచాయతీ చేతిలో ఉంటుంది. అది దాటితే పట్టణ ప్రణాళికా శాఖ సాంకేతిక ఆమోదం కావాలి. మిర్యాలగూడ వైపు బియ్యం మిల్లులాంటిది తలపెట్టినవాళ్లకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి వేరే ఉంటుంది. అది పునాది తీయకముందు తీసుకోవాల్సింది. జాతీయ రహదారి మీదికి దారి తీసుకోవాలన్నా రహదారి అధికారుల అనుమతి విడిగా కావాలి.

ఇవి సరిపోయాక ట్రేడ్ లైసెన్స్ కష్టం కాదు. కిరాయి ఒప్పందం, ఇంటిపన్ను రశీదు, ఆధార్ పెడితే, గది వైశాల్యాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఫీజు లెక్క కడతారు. ఏటా రెన్యువల్ చేయించుకోవాలి.

కరెంటు మీటరును కూడా ఓసారి చూడండి. ఇంటి కేటగిరీ మీటరుతో దుకాణం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద ఆ వాడకానికి వర్తించే రేటుకు రెట్టింపు లెక్కగట్టి వేస్తారు. ఎప్పటి నుంచి నడుస్తుందో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు కలిపి. మీటరు యజమాని పేరున ఉన్నా, కిరాయిదారు పంచాయితీలో ఇరుక్కోక తప్పదు. కేటగిరీ మార్పించే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి.

కిరాయి కాగితం రాసుకునేటప్పుడు ఒక్క వాక్యం అదనంగా పెట్టించండి: జోన్ వల్ల గానీ, కట్టడం పర్మిషన్ వల్ల గానీ లైసెన్స్ రాకపోతే అడ్వాన్స్ మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగివ్వాలి అని. కాగితాలు సరిగ్గా ఉన్న యజమాని దానికి వెనకాడడు. వెనకాడితే, సంతకం ఆపి ఆ సర్వే నంబరు పట్టుకుని ఇంకోసారి టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు పోయి రండి. నమస్కారం.