బోర్డు చదివేస్తే కన్ను బాగున్నట్టేనా?

ఆశా అక్కచెల్లెళ్లకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఊరి పెద్దలకు నమస్కారం.

కంటి క్యాంపు అనగానే మనవాళ్లు ముందు అడిగేది "అద్దాలిస్తారా?" అని. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు మొదలయ్యాక ఊరూరా జనం ఎలా వచ్చారో మీరే చూశారు. చత్వారం అద్దాలు పెట్టుకుని మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుకోగలుగుతుంటే ఆ సంతోషమే వేరు. శుక్లాలు వస్తే చూపు మసకబారుతుంది కాబట్టి మనిషే వెతుక్కుంటూ వస్తాడు. ఆపరేషన్ చేసి లెన్స్ వేస్తారు.

నా బెంగంతా నీటికాసుల గురించే. గ్లకోమా అంటారే, అది. చాలామందికి నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది, నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది. అందుకే బోర్డు మీద ఆఖరి వరస దాకా గడగడా చదివేసిన మనిషే పక్కనుంచి వచ్చే బండిని చూసుకోడు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు. పోయిన చూపును ఏ డాక్టరూ తేలేడు. మిగిలింది కాపాడగలడు, అంతే. 1996–2000 మధ్య ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఉమ్మడి రాష్ట్రంలో సర్వే చేస్తే, ఈ జబ్బున్నవాళ్లలో నూటికి 90 మందికి పైగా తమకు ఉందనే తెలియదు!

కంటి ప్రెషర్ ఒక్కటే చూసి పంపినా చాలదు. ప్రెషర్ మామూలుగానే ఉండి, చూపును మెదడుకు చేర్చే కంటి నరం ఈ జబ్బుతో దెబ్బతిన్నవాళ్లు ఎందరో. 40 దాటినవాళ్లను, ముఖ్యంగా తోబుట్టువులకో అమ్మానాన్నలకో ఈ జబ్బున్నవాళ్లను, నెలల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వాడేవాళ్లను కంటి నరం చూపించుకోమనండి. ఆ పరీక్షకు కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది. పని పోతుందని చాలామంది అక్కడే లేచి వెళ్లిపోతారు. వెంట ఒకరిని తెచ్చుకోమని, ఆ పూట పని పెట్టుకోవద్దని ముందురోజే చెప్పండి.

షుగరున్నవాళ్లకు చూపు బాగున్నా ఏడాదికోసారి రెటీనా, అంటే కంటి వెనకపొర, పరీక్ష తప్పదు.

ఇక నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు, రెండు కిలోలలోపు బరువున్న బిడ్డలు. వీళ్లకు పుట్టిన 30 రోజుల్లోపే రెటీనా చూడాలి, మరీ ముందు పుడితే రెండు మూడు వారాలకే. ఆలస్యమైతే లేజర్ చేసినా లాభం ఉండకపోవచ్చు. మీరు బాలింత ఇంటికి 14వ రోజు, 21వ రోజు వెళ్తారు కదా, డిశ్చార్జ్ కాగితం అడిగి తీసుకోండి. కంటి పరీక్ష తేదీ అందులో లేకపోతే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.