నడక సరే, బరువు మాటేమిటి?

(హైదరాబాద్‌లో ఒక కాలనీ మహిళల సమావేశంలో గైనకాలజిస్టు ప్రసంగ పాఠం)

అమ్మలకి, అక్కలకి నమస్కారం. ఇందాక మెట్ల దగ్గర ఒకావిడ, "రోజూ కేబీఆర్ పార్కు చుట్టూ నడుస్తానండీ, చాలదా?" అని అడిగారు. గుండెకి మంచిదేనమ్మా, ఎముకకి చాలదు. ఎముక గట్టిపడాలంటే దాని మీద బరువు పడాలి. ముట్లు ఆగాక ఎముకని కాపాడే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గిపోతుంది, మొదటి కొన్నేళ్లలోనే ఎముక గబగబా పలచబడుతుంది.

మనిళ్లలో 20 లీటర్ల వాటర్ క్యాన్ ఎవరెత్తుతారు? కొడుకో, వాచ్‌మనో. "నీకెందుకమ్మా, నడుం పట్టేస్తుంది" అంటారు. ప్రేమతోనే అంటారు, కాదనను. ఎత్తక ఎత్తకే ఆ నడుం అంత సుకుమారమైంది. ఆస్ట్రేలియాలో ఎముకలు పలచబడ్డ ఆడవాళ్లతో, సగటున 65 ఏళ్లవాళ్లతో, వారానికి రెండుసార్లు అరగంట చొప్పున 8 నెలలు పెద్ద బరువులే ఎత్తించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. నడుం దగ్గర వెన్నెముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. పక్కన నిపుణులు నిలబడి చేయించారు సుమా, రేపే వెళ్లి క్యాన్ మీద పడకండి! ముందు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. పాతబస్తీ తాలీంఖానాల్లో, అంటే కుస్తీ వ్యాయామశాలల్లో, మగవాళ్లు తీసే బస్కీలకి ఇవి చిన్న చెల్లెళ్లు.

ఇక ముట్లు ఆగాక మందుగా ఇచ్చే హార్మోన్లంటే భయం. 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనంలో రెండు హార్మోన్లు కలిపి ఇవ్వడం మధ్యలో ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ అని గగ్గోలు. పెరిగింది ఏడాదికి 10,000 మందిలో 8 కేసులు. పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. ఆ లెక్కని 48 ఏళ్ల అక్కకి అతికించేశారు. 60 లోపువాళ్లకి, లేదా ముట్లు ఆగి పదేళ్లు దాటనివాళ్లకి, ఆవిర్లతో నిద్ర లేకపోతే సాధారణంగా లాభమే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం ఇదివరకు వచ్చి ఉంటే మామూలుగా ఇవ్వం.

గర్భసంచి ఉంటే ఈస్ట్రోజన్‌కి ప్రొజెస్టరాన్ అనే రెండో హార్మోన్ తోడుండాలి, లేకపోతే లోపలి పొర మందమై క్యాన్సర్‌కి దారితీయొచ్చు. గర్భసంచి లేనివాళ్లకి ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు. ఇక్కడే మన గొడవ. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో బాగా ఎక్కువ. "పెద్దాపరేషన్ అయిందండీ" అంటారు. అండాశయాలు ఉంచారా అంటే తెలీదు. రెండు అండాశయాలూ తీసేస్తే మెనోపాజ్, అంటే ముట్లు ఆగిపోయే దశ, ఆ రోజే వచ్చేసినట్టు. అలా 38 ఏళ్లకే జరిగినావిడకి హార్మోన్ అవసరం మరీ ఎక్కువ, కనీసం సహజంగా ముట్లు ఆగే వయసు వరకూ.

అందుకని బీరువా అడుగున పాత డిశ్చార్జి కాగితం వెతకండి. దొరక్కపోతే రండి, స్కాన్ చేసి చూద్దాం. ఏమ్మా, ఆ మైకు వెనక వరసకి ఇవ్వు, అక్కడెవరో చెయ్యెత్తారు.