బొమ్మకే మార్కులు

అందరికీ నమస్కారం.

పాత కట్టడాలు బాగుంటాయా, కొత్తవా అని అడిగితే ఈ హాల్లో సగానికి పైగా చేతులు పాతవాటికే లేస్తాయి. మీలో పెంకుటింట్లో ఉంటున్నదెవరంటే ఒకటో రెండో మిగులుతాయి. నా చెయ్యీ దిగిపోతుంది, నేనూ అపార్ట్‌మెంటు మనిషినే.

2016లో రాజధాని అమరావతిలో అసెంబ్లీ, హైకోర్టు భవనాల కోసం జపాన్ ఆర్కిటెక్ట్ ఫుమిహికో మాకి బృందం డిజైన్‌ను ఎంపిక చేశారు. ఆర్కిటెక్టులకు నోబెల్ లాంటి ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన మహానుభావుడు. మనవాళ్లు బొమ్మ చూసి, ఇదేంటి, పవర్ ప్లాంటు పొగగొట్టాల్లా ఉంది అన్నారు. ఆ పని చివరికి లండన్‌లోని నార్మన్ ఫోస్టర్ సంస్థకు వెళ్లింది. దర్శకుడు రాజమౌళి సలహా కూడా తీసుకున్నారు. హైకోర్టుకు స్తూపం పోలిక వచ్చింది, అసెంబ్లీకి సూదిలాంటి టవరు. మెచ్చుకున్నా వెక్కిరించినా మనం మాట్లాడిందంతా బొమ్మ గురించే. మే నెల మధ్యాహ్నం లోపల ఎలా ఉంటుందని అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

హైదరాబాద్ సంగతీ అంతే. 2023లో తెరిచిన సచివాలయం గుమ్మటాల మీద ఎంత వాదన జరిగింది! అదే ఊళ్లో అసలైన పాత మహల్ ఎర్రమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కడతామంటే, 2019లో హైకోర్టు అడ్డుపడాల్సి వచ్చింది.

మా అమ్మమ్మది మండువా లోగిలి. నాలుగు వైపుల పెంకుల మీంచి వాన నడిమి వాకిట్లోకి దూకేది, చూరు కింద గంగాళాలు పెట్టేవాళ్లు. వేడిగాలి ఆ ఖాళీలోంచే పైకి పోయేది. ఎండాకాలం మధ్యాహ్నాలు వసారాలో చాపేసుకుంటే నిద్ర ముంచుకొచ్చేది. ఆ ఇంటిని పడగొట్టించింది ఎవరో కాదు, మా అమ్మమ్మే. కోతులు పెంకులు పీకి విసిరేసేవి. ఏటా వానల ముందు పైకెక్కి సర్దే మనిషి ముసలివాడయ్యాడు, వేరొకరు దొరకలేదు. నేను బాధపడితే, "అందం నీకు, కారేచోట గిన్నెలు పెట్టే పని నాకా?" అంది. స్లాబు వేయించింది. వేసవిలో సాయంత్రం డాబా మీద నాలుగు బిందెలు కుమ్మరిస్తే తప్ప కింద పడుకోలేకపోయేవాళ్లు. తర్వాత ఏసీ వచ్చింది.

టేకు స్తంభాలు పాత సామాన్ల వ్యాపారి పట్టుకుపోయాడు. ఈ మధ్య ఓ రిసార్టులో అచ్చం అలాంటివే చూశాను. వాటి మధ్య మండువా కూడా కట్టారు, పైన అద్దం బిగించి ఏసీ పెట్టారు. జనం వరసలో నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నేనూ దిగాను.